283 అనుకున్నారు, 203 దగ్గర ఆగింది

2011 డిసెంబర్‌లో సీఈఏ, అంటే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, ఒక లెక్క బయటపెట్టింది. పదేళ్ల తర్వాత, 2021-22లో, దేశం మొత్తం ఒకేసారి లాగే కరెంటు గరిష్ఠంగా ఎంత ఉంటుందన్నది ప్రశ్న. జవాబు 283 గిగావాట్లు. 2017 జనవరిలో అదే సంస్థ అదే ఏడాదికి మళ్లీ లెక్కేసి 226 అంది. తీరా ఆ ఏడాది గడిచాక చూస్తే పీక్ డిమాండ్ 203.

గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. నడి వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పీక్ రెండూ కలిపితే ఇప్పుడు 30 గిగావాట్ల దరిదాపు. అంటే మన రెండు రాష్ట్రాలకు రెండున్నర రెట్లు పైన ఉండే ఇంకో రాష్ట్రం ఈ దేశంలో అదనంగా ఉందనుకుని లెక్క వేసుకున్నట్టు. కోవిడ్ వచ్చింది కదా అని ఎవరైనా అనొచ్చు. కోవిడ్ దెబ్బ సరిగ్గా పడకముందే, 2019-20లో పీక్ 184 దగ్గర ఉంది. రెండేళ్లలో అక్కణ్ణుంచి 283కి ఎగబాకడం కోవిడ్ లేకపోయినా అయ్యే పని కాదు.

ఉగాది నాడు పంచాంగంలో ఎన్ని కుంచాల వాన అన్నారో ఏడాది చివర ఎవరూ తీసి సరిచూడరు. ఇంధన అంచనాలదీ చాలావరకు అదే గతి. కొత్త నివేదిక రాగానే పాతది అటకెక్కుతుంది. అటక మీంచి దించి పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. ఈ తప్పులు గుడ్డిగా పడటం లేదు. కొన్ని విషయాల్లో లెక్క ఎప్పుడూ పైకే పోతుంది, కొన్నింట్లో ఎప్పుడూ కిందికే. కొట్లో తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిసినవాడు తూకం చూసి మోసపోడు. వాతావరణ విధానం రాసేవాళ్లకి కావలసింది ముందు ఆ మొగ్గు తెలియడం.

ఇక్కడ మూడు మాటలు విడదీసుకోవాలి, రోజూ కలిపేస్తుంటాం కాబట్టి. ఇలా జరుగుతుందని చెప్పేది అంచనా. ఇలా జరగాలని పెట్టుకునేది లక్ష్యం. సినారియో ఈ రెండూ కాదు. జీడీపీ ఇంత పెరిగితే, గ్యాస్ ఇంత దొరికితే, ప్యానెళ్ల ధర ఇంత తగ్గితే అప్పుడు ఇలా ఉంటుందని చెప్పే అయితే-గియితే లెక్క అది. సినారియో తయారుచేసినవాళ్లని నిలదీస్తే, ఇలా జరుగుతుందని మేమెప్పుడు చెప్పాం అంటారు. న్యాయమే. కానీ బ్యాంకులో అప్పు మంజూరు చేసే అధికారి, సెక్రటేరియట్‌లో ఫైలు మీద సంతకం పెట్టే అధికారి ఆ "అయితే"లన్నీ చదవరు. నాలుగు గీతల్లో మధ్య గీత చూసుకుని ఇదే జరగబోతోంది అనుకుంటారు. కాబట్టి ఆ గీతని జరిగినదానితో పోల్చి చూడటం అన్యాయమేమీ కాదు.

283 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఆ రోజులు గుర్తున్నాయా? 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఊళ్లలో ఇన్ని గంటలని చెప్పలేని కోతలు. ఆ ఏడాది జూలైలో ఉత్తర భారతం రెండు రోజులు చీకట్లో మునిగింది. దేశం ఏటా 8, 9 శాతం చొప్పున ఎదుగుతూనే ఉంటుందని, కరెంటు వాడకం దాని వెంటే పరిగెడుతుందని అందరి నమ్మకం. కోతల మధ్య కూర్చుని డిమాండ్ లెక్కేసేవాడు తక్కువ వేస్తాడా?

ఆ లెక్కలో పట్టని వస్తువు ఒకటుంది. మన ఇంట్లోని ఎల్ఈడీ బల్బు. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొన్న బల్బు ధర 2014 మొదట్లో 310 రూపాయలు, 2016కల్లా 38 రూపాయలు. 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్లది పెడితే వెలుగు అంతే, మీటరు మాత్రం ఆరో వంతు కన్నా నెమ్మదిగా తిరుగుతుంది. అలాంటివి 36 కోట్లకు పైగా పంచారు. ఎదుగుదల ఆగలేదు గానీ ఎదుగుదలకి పట్టే కరెంటు తగ్గింది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో నడుస్తాయని గీత గీసుకుంటే తప్పు పైకే పోతుంది.

దీని వెనక రాజకీయం కూడా ఉంది. కోత పెడితే జనం రోడ్డెక్కుతారు, ఎన్నికల్లో ప్రభుత్వాలు మారతాయి. కరెంటు మిగిలిపోతే ఎవరూ ధర్నా చేయరు. వాడని కరెంటుకు డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కట్టే ఫిక్స్‌డ్ చార్జీలు చప్పుడు లేకుండా మన బిల్లులోకి వస్తాయి. రెండు తప్పుల్లో ఒకదానికే శిక్ష ఉన్నప్పుడు అందరూ రెండో తప్పే చేస్తారు. అందుకే ఈ లెక్కలు తప్పినా ఆశ్చర్యం లేదు. ఎక్కువసార్లు ఒకే వైపు తప్పడమే చూడాల్సిన విషయం.

ఆ గీతను నమ్మి ఏం కట్టామో కూడా చూడాలి. 2012 మార్చిలో దేశంలో బొగ్గు విద్యుత్ సామర్థ్యం 112 గిగావాట్లు. 2017 మార్చికి 192. అంత డిమాండ్ రాలేదు కాబట్టి ప్లాంట్లు సగం ఆకలితో నడిచాయి. థర్మల్ ప్లాంట్ల పీఎల్ఎఫ్, అంటే పూర్తి సామర్థ్యంలో నిజంగా నడిచిన భాగం, 2009-10లో 77 శాతం ఉండేది, 2016-17కి 60కి దిగింది. 2018లో ఇంధన శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం లెక్క తీస్తే 34 బొగ్గు ప్రాజెక్టులు, 40 గిగావాట్ల మేర, అప్పు కట్టలేని స్థితిలో ఉన్నాయి. ఆ అప్పులో పెద్ద భాగం ప్రభుత్వ రంగ బ్యాంకులది, అంటే జనానిది. వాతావరణం వైపు నుంచి చూస్తే దెబ్బ ఇంకా పెద్దది. కట్టిన బొగ్గు ప్లాంటు నలభై ఏళ్లు నడుస్తుంది. అప్పు తీరాలి కాబట్టి నడపాల్సిందేనన్న ఒత్తిడీ అన్నేళ్లూ ఉంటుంది.

ఆ పదేళ్లలోనే మన గోదావరి జిల్లాల్లో ఇంకో కథ నడిచింది. ఇదీ అంచనా కథే, కాకపోతే సముద్రం కింద వేసిన అంచనా. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకు నుంచి రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుందని ప్రణాళిక. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై 2010లో 6 కోట్లు దాటింది. అందరూ సంబరపడ్డారు. అక్కడి నుంచి జారుడే. 2013 చివరికి కోటిన్నర లోపుకు పడిపోయింది. ఇసుకా నీరూ బావుల్లోకి వస్తున్నాయన్నారు, బావులు తగినన్ని తవ్వలేదన్నారు, ఆ తగాదా ఏళ్లపాటు సాగింది. ఈలోగా ఆ గ్యాస్‌ని నమ్ముకుని జేగురుపాడు, వేమగిరి, పెద్దాపురం, సామర్లకోటల్లో ప్లాంట్లు లేచాయి. సామర్లకోట ప్రాజెక్టు కోసం తెప్పించిన యంత్రాల్లో ఒక సెట్టు చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘ్నాఘాట్ వెళ్లి అక్కడ బిగిసింది. దేశం మొత్తం మీద 14 గిగావాట్ల గ్యాస్ ప్లాంట్లు ఇంధనం లేక నిలిచిపోయాయి. బొగ్గు నుంచి శుభ్రమైన ఇంధనాలకి దాటించే వంతెన గ్యాసేనని అప్పటి సినారియోలన్నీ చెప్పాయి. కోనసీమ పక్కనే ఆ వంతెన మధ్యలో ఆగిపోయింది.

అణు విద్యుత్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1980కల్లా 8,000 మెగావాట్లు అని 1954లో హోమీ భాభా అన్నారు. ఆ ఏడాదికి వచ్చినవి 600 చిల్లర. 2020కి 20,000 అన్నారు, 6,780 వచ్చాయి. 2006లో ప్రణాళికా సంఘం సమగ్ర ఇంధన విధానం 2031-32కి 63 గిగావాట్లు వేసింది. ప్రభుత్వమే ఇప్పుడు ఆ ఏడాదికి 22 దగ్గర పెట్టుకుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో భూసేకరణ జరిగింది, రియాక్టర్ ఇంకా రాలేదు. ఇప్పుడు 2047కి 100 గిగావాట్లు అంటున్నారు. వద్దనడం లేదు. 70 ఏళ్ల మొగ్గు తెలిశాక ఆ అంకెను అలాగే గీతలో పెట్టి, మిగతాదానికే కదా వేరే ఏర్పాట్లు చేయాల్సింది అనుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఇప్పుడు తక్కెడ రెండో వైపు మొగ్గిన చోటికి వద్దాం. అదే 2006 విధానం పునరుత్పాదక ఇంధనాల గురించి ఏమందంటే, గట్టిగా నెట్టి నలభై రెట్లు పెంచినా 2031-32 నాటికి దేశ ఇంధనంలో వాటి వాటా 5, 6 శాతమే కావచ్చని. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022కి 20 గిగావాట్లు అని పెట్టుకుంటే, అంత అవుతుందా అని పెదవి విరిచినవాళ్లే ఎక్కువ. సోలార్ కరెంటు బొగ్గు కరెంటు ధరకు దిగడానికి 2030 పడుతుందని ఆ మిషన్ ఆశ.

ధరలు వరసగా చూడండి. 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన సోలార్ యూనిట్ ధర 17.91 రూపాయలు. ఆ ఏడాది డిసెంబర్ వేలంలో అతి తక్కువ బిడ్ 10.95. 2015 నవంబర్‌లో కర్నూలు సోలార్ పార్కుకు 4.63. 2017 ఏప్రిల్‌లో కడపలో 3.15. మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44. బొగ్గుతో సమానం కావడం 2030లో జరగాల్సింది, పదమూడేళ్లు ముందే జరిగిపోయింది. 20 గిగావాట్ల లక్ష్యం కూడా 2018 జనవరిలోనే దాటేశాం.

ఇది మన దగ్గరి పొరపాటు మాత్రమే కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2009లో ప్రపంచ సోలార్ సామర్థ్యం 2030కి 244 గిగావాట్లకు చేరుతుందని వేసింది. 2016లోనే దాటింది. 2024 చివరికి 1,800 పైన ఉంది. ఏళ్ల తరబడి ఆ సంస్థ గీతలు ఒకేలా ఉండేవి. ఈ ఏడాది ఎంత పెట్టారో వచ్చే ఏళ్లలోనూ ఇంచుమించు అంతే పెడతారని అడ్డంగా సాగే గీత, దాన్ని తన్నుకుంటూ పైకి పోయే అసలు గీత.

ఎందుకిలా అంటే, ఈ అంచనాలు వేసే మోడళ్లు సోలార్‌ని విద్యుత్ కేంద్రంగా చూశాయి. నిజానికి అది ఫ్యాక్టరీ సరుకు. సెల్‌ఫోన్‌లాగా, ఎల్ఈడీ బల్బులాగా ఎంత చేస్తే అంత చవకవుతుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన ప్యానెళ్లు రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం పడుతూ వచ్చింది. చవకైతే ఇంకా కొంటారు, కొంటే ఇంకా చవకవుతుంది. అణు రియాక్టర్, సముద్రగర్భ గ్యాస్ బావి ఆ జాతివి కావు. ప్రతిదీ ఒక చోట, ఒక నేలకి తగ్గట్టు, కోర్టు కేసులూ కాంట్రాక్టర్లూ తట్టుకుంటూ కట్టాల్సిందే. ఒకే అచ్చులో లక్షలుగా దిగే వస్తువును తక్కువ అంచనా వేస్తాం, ఒక్కొక్కటిగా కట్టే పెద్ద వస్తువును ఎక్కువ అంచనా వేస్తాం. నాకు కనిపించినంతలో అన్నిటికన్నా గట్టి మొగ్గు ఇదే.

అలాగని సోలార్ కథంతా విజయగాథ అనుకుంటే ఇంకో పొరపాటు. 2015లో కేంద్రం 20 గిగావాట్ల లక్ష్యాన్ని 100కి పెంచింది, గడువు అదే 2022. ఆ ఏడాది చివరికి ఉన్నవి 63. 2010 కొలతతో చూస్తే 63 అంటే మూడు రెట్లకు పైగా గెలుపు, 2015 కొలతతో చూస్తే మూడో వంతుకు పైగా ఓటమి. అంకె ఒకటే. వంద దాటింది 2025 జనవరిలో, రెండేళ్లు ఆలస్యంగా.

ఆ లోటు ఎక్కడ పడిందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. నేల మీద పెట్టాల్సిన 60లో చాలావరకు వచ్చాయి. ఇళ్ల కప్పుల మీద 40 రావాలి, 8 కూడా రాలేదు. మా అపార్ట్‌మెంటులో ఈ విషయం మీద మూడు మీటింగులు జరిగాయి. టెర్రస్ ఎవరిదన్న దగ్గరే మొదటి మీటింగ్ అయిపోయింది. పై అంతస్తు వాళ్లు తమదే అన్నారు. రెండో దాంట్లో వాటర్ ట్యాంకుల నీడ, అప్పడాలు ఆరబెట్టుకునే జాగా. మూడో మీటింగ్‌లో ఒకాయన లేచి, నా బిల్లే నెలకి ఆరొందలు, నేనెందుకు కట్టాలి అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. తక్కువ వాడేవాళ్లకి స్లాబు రేటు తక్కువ కాబట్టి ప్యానెల్ గిట్టదు. ఎక్కువ వాడి ఎక్కువ కట్టేవాళ్లకి గిట్టుతుంది గానీ, వాళ్లు డిస్కంకి బంగారు బాతులు, డిస్కం వాళ్లని వదులుకోలేక ఫైలు నెమ్మదిగా కదుపుతుంది. ప్యానెల్ ధర తగ్గడాన్ని తక్కువ అంచనా వేసిన మోడళ్లే, మనుషులు ఒక మాట మీదికి రావడాన్ని ఎక్కువ అంచనా వేశాయి. అసోసియేషన్ మీటింగ్‌కి ఏ మోడల్‌లోనూ గడి ఉండదు.

ధర మరీ వేగంగా పడటం కూడా మంటలు పెట్టింది. యూనిట్ 4.84 దాకా పవన విద్యుత్‌కి 25 ఏళ్ల పీపీఏలు, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందాలు, రాసుకున్న ఆంధ్రప్రదేశ్, 2019లో బయట రెండున్నరకి దొరుకుతుంటే మనమెందుకు అంత కట్టాలని ఒప్పందాలు తిరగదోడబోయింది. గొడవ హైకోర్టుకెళ్లింది. మధ్యంతరంగా పవనానికి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున కట్టమన్నారు. చివరికి 2022 మార్చిలో రాసుకున్న ధరే కట్టాలని తీర్పొచ్చింది. ఆ మూడేళ్లూ రాష్ట్రానికి పెట్టుబడిదారులు ముఖం చాటేశారు. తప్పెవరిదన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. ధర పడుతుందని అంచనా ఉన్న వస్తువుకి పాతికేళ్ల ఏకధర ఒప్పందం రాసుకున్నప్పుడే ఆ గొడవకి విత్తనం పడిందని నా అభిప్రాయం.

వాతావరణ శాస్త్రంలోని పెద్ద సినారియోలకీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. 2000లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, 40 ఉద్గారాల సినారియోలు ఇచ్చింది. ఇంధనాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అప్పుడు ఏటా 2,500 కోట్ల టన్నుల దరిదాపు, 2024లో 3,700 కోట్లు. మొత్తం చూస్తే అసలు గీత ఆ గుంపు మధ్యలోంచే నడిచింది. భేష్ అనిపిస్తుంది. లోపల తెరిచి చూస్తే చైనా బొగ్గు వాడకం పదేళ్లలో రెట్టింపు దాటుతుందని, అమెరికాలో రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ వచ్చి బొగ్గును తోసేస్తుందని, సోలార్ ఇంత చవకవుతుందని సరిగా పట్టినవి లేవు. ఒక తప్పు పైకి, ఒక తప్పు కిందికి పోయి కూడిక సరిపోయింది. పరీక్షలో రెండు తప్పులు చేసి జవాబు సరిగ్గా తెచ్చుకున్న పిల్లాడికి మార్కులు వేస్తాం గానీ, తర్వాతి లెక్క వాడికి అప్పగించం.

తర్వాత వచ్చిన ఆర్‌సీపీ 8.5 సంగతి వేరు. శతాబ్దం చివరికి బొగ్గు వాడకం దాదాపు ఐదు రెట్లవుతుందనుకున్న, అన్నిటికన్నా పై గీత అది. ఎంత చెడ్డగా ఉండొచ్చో చూడటానికి వేసుకున్నది. వందల పరిశోధనల్లో అదే "ఇలాగే సాగితే జరిగేది" అయిపోయింది. ఇప్పటి విధానాలతో భూమి వేడెక్కేది 3 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని తాజా లెక్కలు, ఆ గీత చెప్పింది 5కి దగ్గర. అమ్మయ్య అనుకోవడానికి లేదు. ఒకటిన్నర కూడా నిలకడగా దాటకముందే రెంటచింతల, రామగుండం ఎండలు ఎలా ఉన్నాయో మనకు తెలుసు. పైగా బొగ్గు మీద ఎదురు పొరపాటు కూడా జరిగింది. 2013 తర్వాత కొన్నేళ్లు వాడకం తగ్గితే శిఖరం దాటేశామని చాలామంది రాసేశారు. 2024లో ప్రపంచ బొగ్గు వాడకం 880 కోట్ల టన్నుల దగ్గర కొత్త రికార్డు.

మన దేశం ఇచ్చిన మాటల్లోనూ మొగ్గు కనిపిస్తుంది. 2030కల్లా విద్యుత్ సామర్థ్యంలో 40 శాతం శిలాజేతరం, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కానిది, అని 2015లో చెప్పాం, 2021 నవంబర్‌లోనే అయిపోయింది. 50 శాతానికి పెంచాం, అది 2025 జూన్‌లో, ఐదేళ్లు ముందే. తక్కువ ఆశతో గీసిన గీత మీద లక్ష్యం పెడితే ముందే అందుకుని చప్పట్లు కొట్టించుకోవచ్చు. అయితే అక్కడ కొలిచింది సామర్థ్యం. సూర్యుడు రాత్రి రాడు కాబట్టి మెగావాట్ సోలార్ ఏడాదిలో ఇచ్చే యూనిట్లు మెగావాట్ బొగ్గు ఇచ్చేవాటిలో సగం కన్నా తక్కువ. సామర్థ్యంలో సగం దాటినా, నిజంగా పుట్టిన కరెంటులో 70 శాతం దరిదాపు ఇప్పటికీ బొగ్గుదే.

ఇవన్నీ చూశాక విధానం రాసేవాళ్లు చేయగలిగింది ఏమిటి? ఇంకా మంచి జోస్యం చెప్పడం మాత్రం కాదు. తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలిగిన అడుగులు ముందు వేయడం. నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగితే మొదటి యూనిట్ ప్రారంభమైంది 2024 డిసెంబర్‌లో. శంకుస్థాపన నాటి కరెంటు లోటు లెక్కకీ, ప్రారంభం నాటి సోలార్ ధరకీ మధ్య ఒక తరం తేడా ఉంది. సోలార్ పార్కు ఏడాదిన్నర, రెండేళ్లలో లేస్తుంది. అంచనా మారితే తర్వాతి వేలం ఆపేయొచ్చు, పెంచొచ్చు. కాబట్టి రెండు ప్రాజెక్టులకి యూనిట్ ధర ఒకటే పలికినా అవి సమానం కావు.

ఇప్పుడు ఈ మొగ్గుల పట్టికని బ్యాటరీలకి పెట్టి చూడండి. 2023 జాతీయ విద్యుత్ ప్రణాళిక 2031-32కి 47 గిగావాట్ల బ్యాటరీలు కావాలంది. 2022లో వేలంలో బ్యాటరీ అద్దె మెగావాట్‌కి నెలకు 10.8 లక్షలు పలికింది, 2025 మొదట్లో రెండు లక్షల చిల్లరకు పడింది. ఫ్యాక్టరీ సరుకు, ఒకే అచ్చు, ధర జారుడు. 2010 నాటి సోలార్‌ని చూస్తున్నట్టే ఉంది. అదే సమయంలో సాయంత్రం పీక్ కోసమని 2031-32 లోపు ఇంకో 80 గిగావాట్ల థర్మల్ కావాలని కేంద్రం లెక్క వేసింది. నాకైతే 47 కాస్త తక్కువగా, 80 కాస్త ఎక్కువగా కనిపిస్తోంది.

డిమాండ్ దగ్గర మాత్రం అంత ధైర్యంగా చెప్పలేను. 2031-32కి సీఈఏ సర్వే వేసిన అంచనా 366 గిగావాట్లు. 2025 వేసవికి 270 వేసుకుంటే వానలు ముందే పడి 243 దగ్గర ఆగింది. పాత మొగ్గే అనుకోవచ్చు. కానీ ఏసీలు మధ్యతరగతి ఇళ్లల్లోకి ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి. విశాఖలో గూగుల్ ప్రకటించిన డేటా సెంటరు ఒక్కటే గిగావాట్ స్థాయిది. 366 ఉన్న ఆ సర్వే వచ్చింది 2022 నవంబర్‌లో. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చిందీ ఆ నెలాఖరునే.